గిట్టుమచ్చ

మా ఇంట్లో ఆవిరిస్నానాల గది బల్లలు తోమడం నా పని. ఆవిరి అందరిదీ, ఆవిరయ్యేది నేను. కూర్చునే నారగుడ్డలు ఉతకడమూ నాదే. ఆ వేసవిలో, ఆవిరిస్నానం చేసే శనివారాల్లో నా గుడ్డ మీద గోధుమరంగు మరక పడుతూ వచ్చింది. మా ఆయన ఇల్పో చూసి బర్చ్ ఆకుల పసరన్నాడు. ఆవిరిలో ఒళ్లు కొట్టుకునే రెమ్మల పసరు అంటని గుడ్డ ఫిన్లాండులో ఏ ఇంట్లో ఉంటుంది? నమ్మి, మరిగే నీళ్లలో ముంచాను. వేడికి నెత్తురు మరక గుడ్డలో నాటుకుపోతుందని తెలియనిదాన్నేమీ కాదు.

తర్వాత మంట మొదలైంది. ఆరోగ్యకేంద్రంలో డాక్టరు మూత్రానికి మాత్ర రాశాడు. మాత్ర అయిపోయింది, మంట మాత్రం మిగిలింది. ఈ వయసు ఆడవాళ్లకి మామూలేనన్నాడు. అక్కడ ఏముందో మాత్రం చూడలేదు. విందులో నేను మాటిమాటికీ లేచి వెళ్తుంటే మా అత్తగారు ఐలి, కోడలు కాఫీ పోసేది తక్కువ, ఉచ్చ పోసేది ఎక్కువ అంది. అందరూ నవ్వారు. శ్లేష కుదిరింది కదా, నేనూ నవ్వాను.

చివరికి సైమి అనే నర్సు పడుకోబెట్టి, దీపం పెట్టి చూసింది. అంతసేపూ వాన గురించి మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి దీపం ఇంకా దగ్గరికి జరిపింది. అద్దం నా చేతికిచ్చింది. మూత్రద్వారం అంచున మినపగింజంత నల్లమచ్చ. పుట్టుమచ్చేమో అన్నాను. ముక్క తీసి పరీక్షకి పంపారు. మెలనోమా. చర్మానికొచ్చే క్యాన్సరు, ఎండ ముఖం చూడని చోట వచ్చింది. పుట్టుమచ్చ కాదు, గిట్టుమచ్చ అన్నాను ఇంట్లో. ఈసారి ఎవరూ నవ్వలేదు.

జబ్బు పాకితే ముందు గజ్జల్లో బిళ్లలు కడతాయంటూ సర్జన్ రౌహా గారు అక్కడ తడిమారు. వేళ్లు ఎడమవైపు కాసేపు ఆగాయి. స్కాన్ అయ్యాక రెండు దారులు చెప్పారు. మచ్చ చుట్టూ కోసి, ఒంట్లోని కాపలా కణాలను నిద్రలేపే మందు ఎక్కించడం ఒకటి. మూత్రాశయంతో సహా తీసేసి, పొట్టకి బయట మూత్రం పట్టే సంచి తగిలించడం రెండోది. ఇలాంటి కేసులు మరీ అరుదు, ఏది మేలో గట్టిగా చెప్పలేమన్నారు.

పక్క కుర్చీలో ఉన్న ఇల్పో నావైపు తిరగనైనా తిరగలేదు. "మనం మొత్తం తీయించేసుకుందాంలే. కాకపోతే అమ్మ పుట్టినరోజు దాటాక పెట్టండి డాక్టర్, ఆ రోజు వంటకి మనిషి ఉండదు."

మనం పిల్లల్ని పెంచాం, మనం బల్లలు తోమాం, మనం మీ అమ్మకి కాఫీలు పోశాం. ఇప్పుడు మనం కోయించుకుంటాం. ఎన్నేళ్లయినా ఈ మనంలో ఉన్నది నేనొక్కదాన్నే.

"ఇల్పో, నువ్వు బయట కూర్చో."

"నేనెందుకు? మనం కలిసి..."

"మనం వద్దు. నేను చాలు."

తలుపు మూసుకున్నాక, అతని ముందు నోరు రానిది అడిగాను. "ఎడమవైపు ఎందుకు ఆగారు?"

రౌహా గారు కుర్చీ నా పక్కకి లాక్కున్నారు. మంచి కబురు చెప్పడానికి ఎవరూ అంత దగ్గరికి రారు.