పాలెం కెమెరా

రేకుల కింద చీకటిగదిలో పొద్దుటినుంచీ ఉడికి, బయటికి వచ్చిన ఖాదర్ వలికి అన్నం గిన్నె మూత తీసే తీరిక కూడా దొరకలేదు. నరసరావుపేట స్టూడియో గడపలో ఫిలోమినా కూర్చుని ఉంది. రొంపిచెర్ల ఊరి చివర క్రైస్తవ పాలెం మనిషి. ముందటేడు ఎండాకాలం ఆమె కూతురు శౌరమ్మ పెళ్ళికి ఫోటో తీసింది అతనే.

ఆమె గుడ్డ విప్పి ఫోటో చేతికిచ్చింది.

"సాయిబూ, నా బిడ్డ మొగం ఒక్కటీ పెద్దదిగా తీసియ్యి. కానుపులో పోయింది. వినుకొండలో అత్తారింటి నించి కబురొచ్చి, నేను పోయేతలికే పూడ్చిపెట్టారు. మన్ను చూశాను గానీ మొగం చూళ్ళేదు."

ఖాదర్ ఫోటో వంక చూడలేదు. అందులో ఏముందో అతనికి తెలుసు. పాలెం చర్చి ముందు ఎండలో నిలబెట్టిన చుట్టాలందరూ ఉన్నారు. పెళ్ళికొడుకు కండువా అంచు కూడా కనిపిస్తుంది. పెళ్ళికూతురి మొగం ఉండాల్సిన చోట మాత్రం సున్నం పూసినట్టు ఒక తెల్లటి మచ్చ.

"అప్పుడు పిల్ల కళ్ళెదురుగా తిరగతా ఉండె. మొగం పడకపోతే ఏవయిందిలే అని నవ్వుకున్నాం," అంది ఫిలోమినా.

ఆ స్టూడియోలో కెమెరాలు రెండు. మద్రాసు నుంచి తెప్పించిన కొత్తది మిల్లు యజమానుల ఇళ్ళకు పోతుంది. పాతదాని తోలు తిత్తి మడతలన్నీ చిల్లులు. వాటిలోంచి ఎండ దూరి బొమ్మను కాల్చేస్తుంది. పాలేల్లో పెళ్ళిళ్ళకు పోయేది అదే, దాని పేరే పాలెం కెమెరా. మిల్లువాళ్ళు ఇచ్చినా, కూలి జనం ఇచ్చినా అవే పదిహేను రూపాయలు, కెమెరాకే తేడా. చిల్లుల మాట ఎత్తినప్పుడల్లా యజమాని పానకాలరావు అతని భుజం తట్టేవాడు.

"పెట్టెదేముందిరా, చెయ్యి మంచిదైతే!"

మిల్లువాళ్ళ పెళ్ళిళ్ళప్పుడు మాత్రం ఆయనకు ఆ చేతి మీద అంత నమ్మకం ఉండేది కాదు. చిల్లుల మీద ఖాదర్ నల్లకాగితం అంటించాడు. శౌరమ్మ పెళ్ళినాటి ఎండకు ఆ జిగురు ఊడింది.

"ఇందులో మొగం పడలేదు పిన్నమ్మా. నేనేం చెయ్యను?"

"కాగితంలో పడలేదు. మీ కాడ అద్దం ఉంటదంట గదా. అసలు మనిషి అందులోనే ఉంటదంట. అది తీయి."

కాదనలేక అతను అరలోంచి గాజు ప్లేటు తీసి ఇచ్చాడు. అందులో నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా ఉంటాయి. ఆమె దాన్ని వీధి వెలుతురుకేసి ఎత్తింది.

"ఓయమ్మో, అల్లుడి జుట్టంతా నెరిసిపోయిందే! బాగయింది. పిల్ల పోయి ఏడాది తిరక్కుండా మళ్ళీ మనువాడాడు ముదనష్టపోడు."

అంతలో ఆమె వేలు ఆగింది. కాగితం మీద తెల్లమచ్చ ఉన్నచోట, గాజులో చిక్కటి నలుపు.

"ఇదిగో! ఇదిగో నా తల్లి! నల్లపిల్ల గదయ్యా, అంతా నా పోలికే. దాన్ని తెల్లగా చేస్తే ఇంకేం కనపడుద్ది? ఇక్కడుంది సాయిబూ, ఇక్కడుంది!"

అది ఎండ కాల్చిన మచ్చ అని చెప్పడానికి ఖాదర్ నోరు తెరిచాడు. ఆమె వేలు ఆ నలుపును చెంప నిమిరినట్టు నిమురుతోంది. వెలుతురుకు అడ్డం లేకుండా పక్కకు జరిగాడు.

భోజనం చేసి వచ్చిన పానకాలరావు గడపలోనే నిలబడ్డాడు.

"ఏందిరా ఈ గోల? అది చెడిపోయిన ప్లేటేగా, కడిగి పటాలు కట్టడానికి వాడు. ఏమే, నీ ఫోటో నీకిచ్చాం. అద్దం మాది. ఇట్టా తే."

ఫిలోమినా గాజును రొమ్ముకు హత్తుకుంది.

"ఇయ్యను."

"లాక్కోరా ఖాదరూ! చూస్తావేంది?"

ఖాదర్‌కు ఇల్లు గుర్తొచ్చింది. ఈ జీతం తప్ప ఇంట్లో భార్య షాహిదాకు, పిల్లలకు మరో దిక్కు లేదు. అయినా చేతులు కదలలేదు.

"ఒకసారి నా చేత్తోనే బిడ్డను ఇచ్చాను దొరా," అంది ఫిలోమినా. "ఇంక ఎవురికీ ఇయ్యను."

ఆమె మెట్లు దిగింది. నడివీధిలో ఆగి గాజును సూర్యుడికెదురుగా ఎత్తి పట్టుకుంది. ఆ నల్లమచ్చ నీడ వచ్చి సరిగ్గా ఆమె కళ్ళ మీద పడింది.