ఎఫ్ ఎనిమిదంట

“మళ్లీ ఏం నొక్కినావు?”

దోసె తిరగేస్తున్న నా వెనక నిలబడి మా ఆయన అడిగిన మాట అది. 2008 ఏప్రిల్‌లో ఒక సోమవారం. హాల్లో మూలనున్న కంప్యూటర్ పొద్దుటి నుంచి ఒకటే పని చేస్తోంది. విండోస్ బొమ్మ చూపిస్తుంది, నల్లబడిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. నేను ఏమీ నొక్కలేదు. ముందురోజు ఎవరో స్నేహితుడిచ్చిన పాత స్కానర్ ఇంటికి తెచ్చి, దాని సీడీ ఎక్కించింది ఆయనే. ఆ మాట నోటిదాకా వచ్చింది. దోసె మాడిపోతుందని ముందు దాన్ని తీసి ప్లేట్లో వేశాను. అంతలో ఆయన హాల్లోకి వెళ్లిపోయారు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో నేను చెప్పాలనుకున్న జవాబులు చాలావరకు ఇలా పెనం దగ్గరే ఆగిపోయాయి.

మా ఆయన శివప్రసాద్ కడపలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతారు. మంగంపేట ముగ్గురాయి గనుల్లో కూలీల బతుకుల మీద మూడేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నారు. ఆయన తెల్లకాగితాల మీద రాస్తారు, నేను టైపు చేస్తాను. పెళ్లికి ముందు తెలుగు టైపింగ్ లోయర్ పాసయ్యాను కాబట్టి ఆ పని నాదని ఎవరూ చెప్పకుండానే తేలిపోయింది. ఎర్రసిరాతో దిద్దిన ప్రతిసారీ మళ్లీ చేశాను. ఐదో అధ్యాయం గనుల్లో పనిచేసే ఆడవాళ్ల గురించి. ‘ఇంటి చాకిరీని పనిగా గుర్తించని సమాజం’ అన్న వాక్యాన్ని నాలుగుసార్లు టైపు చేశాను, అందులో ఒకసారి కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టుకుంటూ. ఆయన చెడ్డవారు కాదు. రాళ్లేరే ఆ ఆడవాళ్ల అరచేతుల గురించి రాసిన పేజీ నాకు చదివి వినిపిస్తూ, మధ్యలో ఆపి కళ్లు తుడుచుకున్నారు. నేనప్పుడు ఆయన లుంగీలు జాడిస్తున్నాను. కృతజ్ఞతల పేజీలో గైడు, ప్రిన్సిపాలు, లైబ్రరీ అటెండరు, అందరూ పేర్లతో ఉన్నారు. నేను మాత్రం ‘ఓర్పుతో సహకరించిన నా శ్రీమతి’ని. ఆ పేజీ కూడా నేనే టైపు చేశాను, ఒక్క తప్పు లేకుండా.

ఆయన కంప్యూటర్ మెకానిక్ ఓబుళేశుకు ఫోన్ చేశారు. ఫోన్ పెట్టేశాక మొహం వాడిపోయింది. “ఫార్మాట్ కొట్టాల్సిందేనంట. లోపల ఉండేదంతా పోతాదంట.” బండి తాళాలకు తగిలించుకున్న పెన్‌డ్రైవ్‌లో జనవరి దాకా చేసిన నాలుగు అధ్యాయాలే ఉన్నాయి. మిగతా రెండు ఆ పెట్టెలోనే ఉండిపోయాయి. యూనివర్సిటీకి ఇవ్వాల్సిన గడువు శుక్రవారం. కాసేపు తల పట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఏదో దారి దొరికినట్టు లేచారు.

“సాయంత్రం ఓబుళేశును పిలుచుకొస్తా. అంతవరకు నువ్వు దాన్ని ముట్టుకోవద్దు. రెండు అధ్యాయాలే కదా, నాలుగు దినాలుండాయి. మళ్లీ కొట్టేయ్.”

నూట పది పేజీలు. ‘మళ్లీ కొట్టేయ్.’ చొక్కాకు గుండీ ఊడితే కుట్టమన్నంత తేలిగ్గా చెప్పి కాలేజీకి వెళ్లిపోయారు. నేను ఆ నల్ల తెర ముందు కూర్చున్నాను. పోయేది ఆయన థీసిస్ అని అందరూ అనుకుంటారు. ఆయన రాసిన కాగితాలు బీరువాలో భద్రంగానే ఉన్నాయి. పోయేది నా పనే. అది పోయిందని కూడా ఎవరికీ తెలియదు, నేను మళ్లీ చేసేస్తాను కాబట్టి.

అప్పుడు కృపమణి గుర్తొచ్చింది.

డిగ్రీలో మూడేళ్లూ మేం పక్కపక్కనే కూర్చునేవాళ్లం. వాళ్ల నాన్న దావీదురాజు ఎర్రగుంట్లలో సిమెంటు లారీలకు మూటలెత్తేవాడు. డిగ్రీ అయ్యాక తను హార్డ్‌వేర్ కోర్సులో చేరింది, ముప్పైమంది మగపిల్లల మధ్య ఒక్కతే. ఇప్పుడు ఎర్రగుంట్ల స్టేషన్ దగ్గర సొంతంగా రిపేరు అంగడి నడుపుతోంది. వచ్చినవాళ్లు “మెకానిక్ లేడా?” అంటే చేతిలో స్క్రూడ్రైవర్ ఎత్తి చూపిస్తుంది. ఒకసారి నేను వెళ్లేసరికి, ముక్కుకు చున్నీ కట్టుకుని, సిమెంటు దుమ్ము పేరుకున్న కంప్యూటర్ పెట్టెను వీధిలో పెట్టి బ్లోయర్‌తో ఊదుతోంది. దుమ్ము తెల్లగా లేచి జుట్టు మీద పడుతోంది. నన్ను చూసి కళ్లతోనే నవ్వింది. పని ఆపలేదు. నేను రోడ్డు మీదే నిలబడి ఆ పని పూర్తయ్యేదాకా చూశాను.

తను మా ఇంటికి వచ్చింది ఒక్కసారే. మా అత్త నాగలక్ష్మమ్మ, వెనక గోడ మీద పనిమనిషి కోసం విడిగా పెట్టిన గ్లాసులో నీళ్లిచ్చింది. కృపమణి తాగి, గ్లాసు కడిగి, దాని చోట పెట్టి వెళ్లిపోయింది. నేను నోరు మెదపలేదు. రెండేళ్లుగా ఆ సిగ్గుతోనే ఫోన్ చేయడం మానేశాను.

పన్నెండున్నరకు ల్యాండ్‌లైన్ నుంచి నంబరు కలిపాను.

“తనూజా!” అంది, నిన్ననే మాట్లాడినట్టు. విషయమంతా విని, “ఫార్మాటా? వాడికేం పోతాది, పోయేది నీ సొమ్ము. ముట్టుకోనీవద్దు” అంది.

“నువ్వు రాగలవా?”

“రాను. నువ్వే చేస్తావు. నేను చెప్తాంటా.”

ఫోన్ వాకిలి పక్కన ఉంది, కంప్యూటర్ హాలుకు అటు మూల. ఫోన్ తీగ సగం దూరం కూడా అందదు. సెల్‌ఫోన్ ఆయనొక్కరికే ఉంది. ఏం చేయాలో తోచక నిలబడితే, కింద కూర్చుని చింతపండుకు గింజలు తీస్తున్న అత్త చేతులు తుడుచుకుని లేచింది. ఇన్నేళ్లూ నా టైపింగును “ఆ టకటక నా తలనొప్పి” అన్న మనిషి ఆమె. రిసీవర్ నా చేతిలోంచి తీసుకుని చెవికి ఆనించుకుంది.

“చెప్పు పాపా. నువ్వు చెప్పింది నేను దీనికి చెప్తా.”

అటువైపు కృపమణి ఆ గొంతు గుర్తుపట్టే ఉంటుంది. తర్వాత మా అత్త గొంతు హాలంతా మోగింది.

“ఎఫ్ ఎనిమిదంట! పెట్టె ఆన్ చేసినాంక ఆ బొమ్మ రాకముందే దాన్ని నొక్కుతానే ఉండాలంట!”

మొదటిసారి ఆలస్యమైంది, బొమ్మ వచ్చేసింది. రెండోసారీ అంతే. “నిదానం పనికిరాదంట, టకటక కొట్టాలంట. నీకు వచ్చిన పనే కదమ్మే, కొట్టు!” అని అత్త అరిచింది. మూడోసారి కొట్టాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వరుసగా వచ్చాయి.

“వచ్చినాయత్తా!”

“వచ్చినాయంట పాపా! ఇంగేం చేయాల?” అని ఫోన్లోకి, మళ్లీ నా వైపు తిరిగి, “సేఫ్ మోడ్ అని ఉంటాదంట. బాణం గుర్తుతో దాని మీదికి పోయి ఎంటర్ కొట్టు” అంది. “అంటే ఏంది పాపా అది?” అని ఫోన్లోకి అడిగింది. జవాబు విని నాకు చేరవేసింది. “ఒళ్లు బాగలేనోళ్లకు గంజి పోసినట్లంట. బతికేదానికి ఎంత కావాల్నో అంతే నడుస్తాదంట.”

ఎంటర్ కొట్టాను. ఏవేవో పేర్లు వరసగా పరుగెత్తాయి. తర్వాత తెర వెలిగింది. బొమ్మలన్నీ పెద్దపెద్దగా, మసగ్గా ఉన్నాయి. నాలుగు మూలలా సేఫ్ మోడ్ అని రాసి ఉంది. ఫోల్డర్ తెరిచాను. ఐదో అధ్యాయం, ఆరో అధ్యాయం, రెండూ ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

ముందు వాటిని ఫ్లాపీల్లోకి ఎక్కించమంది కృపమణి. సొరుగులో నాలుగు దొరికాయి. ఒకటి గరగరమని మొరాయించింది, మిగతావి పనిచేశాయి. పొయ్యి మీద చారు పొంగి మంట ఆరిన చప్పుడైంది. అత్త కుర్చీలోంచి కదల్లేదు. “గ్యాసు కట్టేసి రాపో” అంది, “అన్నం సంగతి మళ్లా చూసుకుందాం.” నేను పరుగెత్తుకెళ్లి కట్టేసి వచ్చాను. ఆ ఇంట్లో అన్నం వాయిదా పడటం అదే మొదటిసారి.

తర్వాత సిస్టమ్ రిస్టోర్. తెర మీద క్యాలెండర్ వచ్చింది. కొన్ని తేదీలు ముద్దగా, నల్లగా ఉన్నాయి. కంప్యూటర్ బాగా నడిచిన ఏదో ఒక తేదీకి దాన్ని వెనక్కి పంపాలట. శనివారం నల్లగా ఉంది. ఆదివారం స్కానర్ సీడీ. శనివారం మీద వేలు పెట్టి ఆగిపోయాను.

“అత్తా, ఆదివారం పొద్దున నేను పద్నాలుగు పేజీలు దిద్దినా. అవి పోతాయేమో అడుగు.”

అత్త అడిగింది. విని, నా వైపు చూసి నెమ్మదిగా చెప్పింది. “నువ్వు రాసింది పోదంట. వాడు ఎక్కించిందే పోతాదంట.”

ఇంకొక చిక్కుంది. మా వీధిలో రోజూ రెండింటికి కరెంటు తీసి నాలుగింటికి ఇస్తారు. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. గడియారంలో ఒకటీ ఇరవై అయింది. “నడుమలో కరెంటు పోతే ఇంకా పాడవుతాదంట. నాలుగింటిదాకా ఆగుతావా, ఇప్పుడే చేస్తావా, నీ ఇష్టమంట” అంది అత్త. నాలుగు దాటితే ఓబుళేశు వచ్చేస్తాడు. నీ ఇష్టం అన్న మాట ఆ హాల్లో నాకు వినబడి ఎన్నాళ్లయిందో. శనివారం మీద నొక్కాను.

తెర నల్లబడింది. ఒక పచ్చని గీత మెల్లగా పాకుతోంది. అత్త ఫోన్లో కృపమణిని వాళ్ల నాన్న ఎట్లున్నాడని అడిగింది. నడుం పట్టేసి మూటలెత్తడం మానేశాడని, ఇప్పుడు కూతురి అంగట్లోనే కూర్చుంటున్నాడని విని “మంచి పని చేసినావు పాపా” అంది. తర్వాత గొంతు తగ్గించి అంది: “ఆ పొద్దు నీకు నీళ్లిచ్చినా చూడు, అది నేను చేయకూడని పని. ఈసారి వస్తే నా పక్కన కూర్చోని తిని పోవాల.” అటువైపు నుంచి ఏం జవాబొచ్చిందో నాకు తెలియదు. అత్త చాలాసేపు ఊఁ కొడుతూనే ఉంది.

ఒకటీ యాభైకి మామూలు తెర వచ్చింది, మధ్యలో చిన్న పెట్టెలో రిస్టోర్ అయిందని సందేశం. పద్నాలుగు పేజీల్లో ఒక్క అక్షరం కూడా పోలేదు. కంప్యూటర్ కట్టేసిన ఐదు నిమిషాలకు ఫ్యాను ఆగింది. ఇద్దరం చెమటలు కారుతూ, పొద్దున మిగిలిన దోసెలు చింతకాయ పచ్చడితో తిన్నాం.

నాలుగున్నరకు ఆయన, ఓబుళేశు వచ్చారు. ఓబుళేశుకు నలభై ఏళ్లుంటాయి, భుజాన సీడీల సంచి. మా ఆయన స్విచ్ వేయగానే కంప్యూటర్ చక్కగా లేచింది. ఆయన మొహం వెలిగిపోయింది.

“దానంతటదే సర్దుకున్నట్లుండాదే!”

“దానంతటదే ఏదీ సర్దుకోదురా” అంది అత్త. “నీ పెండ్లామూ ఎర్రగుంట్ల పాపా కూడి బాగు చేసినారు.”

ఆయన నా వైపు చూశారు. “నువ్వా? బలేదానివే!” అన్నారు, నిజంగానే సంతోషంగా. “అయితే శుక్రవారం ఇచ్చేయొచ్చు. ఓబుళేశుకు కాఫీ పెట్టు.”

“కాఫీ తర్వాతమ్మా” అన్నాడు ఓబుళేశు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. “ఏ తేదీ పట్టుకున్నారు? యాడ చూసినారు?”

చూపించాను. అతను అడుగుతూ పోయాడు, నేను చెబుతూ పోయాను. ఎవరు నేర్పారని అడిగితే కృపమణి పేరు, వాళ్ల నాన్న పేరు, అంగడి ఉన్న చోటు, అన్నీ చెప్పాను. అతను తల గోక్కున్నాడు. “నాకూ తెలుసమ్మా ఇది. టైం పడుతుందని ఎవరు తెచ్చినా ఫార్మాటే కొడతాండా. పెండ్లి ఫోటోలు పోయినాయని ఏడ్చినోళ్లుండారు. ఇప్పుడు అంగట్లో ఏడు మిషన్లుండాయి. మీరొచ్చి చూస్తారా? ఊరికే కాదు, జీతమిస్తా.”

మా ఆయన నవ్వారు. “ఆమెకు ఇంట్లో పనికే తీరదప్పా.”

అత్త చింతపండు పళ్లెం ముందుకు లాక్కుంది. అందరూ నేను కాఫీ కోసం లేస్తానని చూస్తున్నారు.

“అంగడి ఎన్నింటికి తెరుస్తావన్నా?” అని అడిగాను.

“పదికమ్మా.”

“రేపు పదికి వస్తా” అన్నాను. “నేనొచ్చేదాకా ఆ ఏడింటిలో ఒక్కదాన్ని కూడా ఫార్మాట్ చేయద్దు.”