మోగని మూడో ఫోను

అయినా ఆ ఆకు బొమ్మ ఏం పాపం చేసింది, పచ్చగా, చిన్నగా, మెసేజ్‌లో వాక్యం చివర కూర్చుని ఉంటే ముద్దొచ్చేది, అనుకుంటూనే ఐలి దాన్ని చెరిపేసింది, చెరిపి మెసేజ్ మళ్లీ పంపింది, పంపి అందుతోందో లేదో చూడ్డానికి బల్ల మీద వరుసగా పడుకోబెట్టిన మూడు పాత ఫోన్లను చూస్తూ కూర్చుంది, ఊరికి ఉన్న మూడు ఫోన్ కంపెనీలకీ ఒక్కొక్కటి, మొదటిది వణికింది, రెండోది వణికి కాస్త పక్కకు జరిగింది కూడా, మూడోది మాత్రం అలిగిన కొత్తల్లుడిలా ఉలకదు పలకదు, కంప్యూటర్ తెర మీద చూస్తే మూడింటికీ ఎదురుగా పచ్చటి అక్షరాలతో చేరింది, చేరింది, చేరింది, ఎక్కడికి చేరిందమ్మా, ఎవరి చెవిన పడిందని, ఇంత నమ్మకంగా అబద్ధమాడే మాట ఇంకోటి ఉండదు, అంతలో దుకాణం యజమాని గోర్డీ మంచు పార గోడకు ఆనించి, బూట్లు దులుపుకుంటూ, ఏమైంది ఐలీ, మోగిందా, అన్నాడు, రెండు మోగాయి, మూడోది పడుకుంది, అంది, ఓ తన్ను తన్నకపోయావా, తంతే పగిలేది మన ఫోనే, వాళ్ల కంపెనీ కాదు, అవునులే, అదీ నిజమే.

గంజాయి అమ్ముకోవచ్చని మిషిగన్ రాష్ట్రం ఇచ్చిన కాగితం ఫ్రేము కట్టి గోడకు వేలాడుతోంది, కానీ ఆ మాట మెసేజ్‌లో రాస్తే, మెసేజ్‌లను వడకట్టే ఫోన్ కంపెనీల జల్లెడ గుటుక్కున మింగేస్తుంది, మింగానని చెప్పదు, త్రేన్చనైనా త్రేన్చదు, మొదట్లో గోర్డీ దాన్ని బురిడీ కొట్టిద్దామని అక్షరాల మధ్య అంకెలు దూర్చాడు, సరుకును తోటకూర అన్నాడు, ఆశ్చర్యార్థకాలు కుప్పలుగా పోశాడు, జల్లెడ మరింత బిగుసుకుంది, దాటిన ఒకటీ అరా చూసి గనిలో పనిచేసి రిటైరైన రీనో ఫోను ఊపుకుంటూ వచ్చాడు, అమ్మాయ్, ఎవడో దొంగవెధవ నాకు తోటకూర అమ్ముతానంటున్నాడు, పోలీసులకు చెప్పమంటావా, అప్పుడు ఐలి నవ్వు ఆపుకోలేక సరుకు గదిలోకి పారిపోయింది, కాని ఆ రాత్రి పక్క మీద నవ్వు రాలేదు, దొంగలా రాస్తే దొంగలాగే చూస్తారు కదా, అందుకే ఆ మర్నాటి నుంచి అన్నీ మార్చింది, అడగని వాళ్ల నంబర్లు తీసేసింది, కావాలన్న వాళ్లను కౌంటర్ దగ్గరే, మీరే ముందు మాకో ముక్క రాయండి, ఏదైనా సరే, అప్పుడు మేం తెలిసినవాళ్లమని కంపెనీ నమ్ముతుంది, అంది, వాళ్లూ మంచు గురించీ, మోకాళ్ల గురించీ, కుక్కల గురించీ రాశారు, కొట్టు పేరు మెసేజ్ మొదట్లోనే పెట్టింది, వద్దనుకుంటే ఎలా ఆపాలో చివర్లో చెప్పింది, ధరలు పోయాయి, తోటకూర పోయింది, ఇప్పుడు ఆకు బొమ్మా పోయింది, రెండు కంపెనీలు మెత్తబడ్డాయి, మూడోది మెత్తబడదు, సరస్సు వైపు ఇళ్లకు ఆ ఒక్క కంపెనీ టవరే అందుతుంది, అంటే సగం ఊరు.

ఎల్లుండి శనివారం కొట్టుకు ఏడాది నిండుతుంది, సోమవారం గోర్డీ జోకు వేయకుండా మాట్లాడాడు, అదే ఆమెను భయపెట్టింది, చావింట్లో కూడా జోకు వేసే మనిషి, శనివారం జనం రాకపోతే ఇక్కడ తలుపు మూసేసి హైవే మీద అద్దెకు చూసిన చిన్న కొట్టుకు పోతాను ఐలీ, అక్కడ నీకు చోటివ్వలేను, అని గోడ వైపు చూస్తూ అన్నాడు, అప్పటి నుంచి కిటికీ పక్కన ఉన్న ఈ ఎత్తు స్టూలు మీద ఆమెకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది, అయినా శనివారం అనేసరికి మనసు ఆగుతుందా, శనివారమంటే హెల్మి అక్క ఇంటి వెనక సరస్సు ఒడ్డున ఆవిరి స్నానాల గది, కాలిన రాళ్ల మీద నీళ్లు చిలకరిస్తే బుస్సుమనే చప్పుడు, బర్చ్ చెట్టు ఆకుల కొమ్మలతో ఒకరి వీపు ఒకరు కొట్టుకోవడం, చిన్నప్పటి నుంచీ ఏ శనివారమూ తప్పలేదు, ఈ ఏడాదే, కొట్టు తెరిచిన రోజు నుంచే, వెళ్లలేదు, తాను పిలిచింది, అక్కా కొట్టు తెరుస్తున్నాం, నువ్వు రాకపోతే రిబ్బను కత్తిరించను, అని మెసేజ్ పెట్టింది, అక్క రాలేదు, ఒక్క ముక్క రాయలేదు, చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి గంజాయి కొట్టు గడప తొక్కుతుందా, పరువు, అని తనకు తానే అర్థం చెప్పుకుంది, తర్వాత ఓసారి సరుకుల దుకాణంలో యాలకుల రొట్టెల దగ్గర ఎదురుపడితే హెల్మి పైనుంచి కింది దాకా చూసి, బాగానే ఉన్నట్టున్నావే, అంది, నీ దయ, అంది తాను, ఇద్దరూ బళ్లు తోసుకుంటూ చెరో దారిన పోయారు, ఆ తర్వాత ఏడాదంతా స్నానం చేస్తూ, గిన్నెలు తోముతూ, అక్కతో పోట్లాడుతూనే ఉంది, అక్క మాటలు కూడా తానే అంటూ, సిగ్గులేదుటే నీకు, అమ్మ ఉంటే ఏమనేది, అని, పోట్లాటలో ప్రతిసారీ అక్కే గెలిచేది, విచిత్రం.

ఇంక తీయడానికి ఏం మిగిలిందని మెసేజ్‌ను మళ్లీ చదివింది, అడుగున నీలంగా గీత గీసిన లింకు, కొట్టు వెబ్‌సైటు చిరునామా, అందులో మధ్యలో ఉంది గంజాయి అన్న ఆ మాట, దర్జాగా కాళ్లు చాపుకుని, ఇన్నాళ్లూ వాక్యాలన్నీ దులిపి ఈ మూలను ముట్టుకోలేదు, చిరునామా కదా, మాట కాదనుకుంది, గోర్డీ, లింకు తీసేస్తున్నా, అంది, అయ్యో అదే కదా మన వాకిలి, అన్నాడు, వాకిలి వీధిలోనే ఉంది, నువ్వు మంచు తీస్తే కనిపిస్తుంది, అంటూ తీసేసింది, మిగిలింది ఇంతే, గోర్డీ కొట్టు నుంచి ఐలిని, శనివారం మాకు ఏడాది నిండుతుంది, కాఫీ ఉంటుంది, యాలకుల రొట్టె ఉంటుంది, వస్తారా, వద్దనుకుంటే ఆపు అని రాయండి, పంపింది, ఒకటో ఫోను, రెండో ఫోను మోగాయి, మూడోది ఒక్కసారి తుమ్మినట్టు వణికి బల్ల మీది నుంచి దూకింది, గోర్డీ మంచు పారను నడుం పట్టుకుని రెండు చుట్లు తిరిగాడు, అందరికీ పంపు, అందరికీ, అంటూ, పంపింది, కాసేపటికి జవాబులు, రాకేం, నాకు రెండు ముక్కలు ఉంచండి, కుక్కను తేవచ్చా, రీనో రాశాడు, సరస్సు వైపు నుంచి, మూడో కంపెనీ నుంచి, అమ్మాయ్ బతికే ఉన్నావా, కొట్టు మూసేశారనుకున్నా, ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయవేం.

ఒక్క ముక్క రాయవేం, రాశాను తాతా, ఎన్నో రాశాను, నీదాకా రాలేదంతే, అనుకుని నవ్వబోయి ఆగింది, సరస్సు వైపు, మూడో కంపెనీ, హెల్మి ఇల్లు రీనో ఇంటి తర్వాతి మలుపే కదా, చేతులు తనకు తెలియకుండానే సొంత ఫోను తీశాయి, ఏడాది కిందికి జరుపుకుంటూ పోయాయి, అక్కా కొట్టు తెరుస్తున్నాం, దాని కింద, గొప్పగా, కొత్త కొట్టు కదా అని తానే అంటించిన నీలం లింకు, దాని కింద చిన్న అక్షరాల్లో చేరింది, ఒసే ఐలీ, పొద్దున్నుంచి ఈ మాటను అబద్ధాలకోరని తిట్టినదానివి ఏడాదిపాటు దీన్నే నమ్మావా, అయితే ఆ రోజు రొట్టెల దగ్గర అక్క అన్నది, పిలవని చెల్లెలిని చూసి అన్నదా, బాగానే ఉన్నట్టున్నావే, నన్ను పిలవకపోయినా, మెసేజ్ రాయబోయింది, వద్దు, నంబరు నొక్కింది, ఎవరు పోయారే, అంది హెల్మి, ఆ ఇంటికి ఎవరైనా చనిపోతే తప్ప ఫోను రాదు, ఎవరూ పోలేదక్కా, పోయినేడు కొట్టు తెరిచినప్పుడు నిన్ను పిలిచాను, ఎప్పుడు పిలిచావ్, మెసేజ్ పెట్టాను, ఫోన్ కంపెనీ వాళ్లు మింగేశారు, ఎల్లుండి ఏడాది నిండుతుంది, కాఫీ, యాలకుల రొట్టె, ఈసారైనా రా, అవతల కారుతున్న కుళాయిని కట్టేసిన చప్పుడు, పిలవలేదన్న కోపంతో స్నానాల గదిలో వేలాడే నీ తువ్వాలు పాతబట్టల్లో పడేశానే, అంది హెల్మి, ముక్కు ఎగబీల్చి, గంజాయి అమ్ముకో, ఇంకోటి అమ్ముకో, నా వాకిట్లో నువ్వెందుకు కనబడవని ఏడ్చాను గానీ, ఇంతకీ ఎల్లుండి రొట్టె ఎవరు చేస్తున్నారు, గోర్డీ, అయ్యో జనం చచ్చిపోతారు, నేను తెస్తాను, ఆ రాత్రికి ఆవిరి గది వేడి చేస్తాను, తువ్వాలు తెచ్చుకో, అని పెట్టేసింది, బల్ల మీద మూడు ఫోన్లూ, కింద పడ్డదాన్ని గోర్డీ మళ్లీ వరుసలో పెట్టాడు, ఉండుండి మోగుతున్నాయి, ఐలి మాత్రం చేతిలో మూగబోయిన తన ఫోనును చూస్తూ కూర్చుంది, అక్క అసలు గొంతులో ఎంత తేమ ఉంది, సిగ్గులేదుటే అన్న ఆ గొంతులో ఆ తేమ ఎప్పుడూ లేదు, ఉండదు, ఏడాదిపాటు ఆ మౌనంలోంచి తనను తిట్టింది హెల్మి కాదు, తానే.