పైసలు పంపకు!

బీడీ కార్మికుల సంఘం పని మీద ఆ ఊరు వెళ్లిన రోజు నేను కళ్లారా చూసింది చెబుతున్నాను.

గల్ఫ్ ఏజెంటు కరుణాకర్ ఇరవై మంది ఆడవాళ్లను పంచాయతీ ఆఫీసు ముందు ఎండలో కూర్చోబెట్టాడు. వాళ్ల మొగుళ్లంతా గల్ఫ్‌లో ఒకే కంపెనీలో కూలీలు. వాళ్లతో పనిచేసే పర్శరాములు ఎండదెబ్బకు కూలి చనిపోయి నలభై రోజులైంది. శవాన్ని ఇంటికి పంపేదాకా పనికి దిగేది లేదని మిగతావాళ్లు క్యాంపులో కూర్చున్నారు. దిగితేనే పంపుతామని కంపెనీ అందరి జీతాలూ ఆపేసింది.

"మీ మొగోళ్లకు ఫోన్లు చేయుండ్రి. పనికి పొమ్మనుండ్రి. ఒక్క పీనుగ కోసం ఇరవై పొయ్యిలు ఆర్పుకుంటరా?" అన్నాడు కరుణాకర్.

పర్శరాములు భార్య రాజక్క అక్కడే ఉంది. ఆమె మొహం మీదే అన్నాడు ఆ మాట.

మొదట ఒళ్లో పిల్లతో ఉన్న పోశవ్వ లొంగింది. వీడియో కాల్‌లో మొగుడు బాలమల్లు కనబడగానే ఏడ్చింది.

"పిల్లకు జరం తగ్గుతలేదయ్యా. దవాఖానకు పైసల్లేవు. నీ కాళ్లు మొక్కుత, పనికి పో."

బాలమల్లు తల దించుకున్నాడు. "రేపు దిగుత తియ్యే."

కరుణాకర్ నవ్వాడు. "వచ్చిన జీతంల ముందుగాల నా మిత్తి పంపమను."

రాజక్క లేచింది.

"పోశవ్వా, మూడేండ్ల సంది నీ పెనిమిటి పైసలు పంపవట్టె. పిల్ల దవాఖానకు ఎందుకు లేవే?"

"వీసా అప్పు మిత్తికే పాయెనక్కా."

"ఎవని మిత్తి?"

పోశవ్వ కరుణాకర్ వైపు చూసింది. ఒక్కొక్కరే అటు తిరిగారు. మనుషుల్ని అమ్మినవాడే వడ్డీ పేరుతో వాళ్ల కష్టం తింటున్నాడు. ఇప్పుడు పీనుగను బేరం పెట్టాడు.

రాజక్క ఫోను అందుకుంది.

"తమ్మీ బాలమల్లు, నా పెనిమిటిని ఆడనే మట్టిజేసినా మంచిదే. గా పీనుగ కోసం లొంగకుండ్రి. మీ జీతాలు, ఆయన జీతం అన్నీ ఇచ్చినంకనే దిగుండ్రి."

కరుణాకర్ ఫోను గుంజుకోబోయాడు. పోశవ్వ అతని చెయ్యి కొరికింది.

"పైసలు పంపకు! బీడీలు జేస్కోని బతుకుతం. పంపకు!"

ఇరవై గొంతులూ అదే అరిచాయి. అక్కడ మగవాళ్లు ఫోను చుట్టూ మూగారు. అంతలో క్యాంపు తలుపు విరిగింది. లాఠీలు లేచాయి. ఎవరో బాలమల్లు జుట్టు పట్టి ఈడ్చారు. ఫోను ఆగిపోయింది.

గంటకు ఇక్కడి పోలీసులూ వచ్చారు. ఏజెంటు మీద దాడి చేశారని కేసు. పోశవ్వ జరంతో కాలిపోతున్న పిల్లను చంకనేసుకుని వ్యాను ఎక్కింది. పదిమందికే చోటుంది.

"మిగిలినోళ్లు ఇండ్లకు పోండ్రి" అన్నాడు ఎస్సై.

ఎవరూ పోలేదు. రాజక్క ముందు, మేమంతా వెనక, ఎనిమిది కిలోమీటర్లు నడిచాం. దారిలో రెండు ఊళ్ల ఆడవాళ్లు బీడీల చాటలు పక్కన పెట్టి మాతో వచ్చారు.

స్టేషన్ గేటు దగ్గర ఎస్సై మమ్మల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సగంలో ఆపేసి, గేటు వేయించాడు.