రెండో ఫోన్

హెచ్.ఆర్. గది నుంచి పిలుపు ఎప్పుడూ భోజనాలయ్యాకే వస్తుంది. మనిషిని ఖాళీ కడుపుతో పంపకూడదన్న జాలి కాబోలు! బల్ల మీద ఫోన్ మోగుతుంది. వెళ్లినవాళ్లు తిరిగొచ్చి సొరుగులు ఖాళీ చేసుకుంటారు. మిగిలినవాళ్లు తలెత్తకుండా కంప్యూటర్ తెరల్లోకి చూస్తూ కూర్చుంటారు. ఇవాళ పొద్దున్నుంచే ఆఫీసులో గుసగుసలు. సబ్‌ఎడిటర్ నిదానం క్యారియర్ విప్పనేలేదు.

నిదానం అన్నది డెస్కు వాళ్లు పెట్టిన పేరు. ఎంత తొందరున్నా ప్రతి వార్తనీ మరొకరిని అడిగిగాని వదలడని ముచ్చటపడి పెట్టారు. పత్రిక చిక్కి సగమై, వెబ్‌సైట్ నెత్తికెక్కాక ఆ మెచ్చుకోలే తిట్టయి కూర్చుంది.

పక్క బల్ల క్రైం రిపోర్టర్‌ది. మొన్నటి కోతలో ఆయన్ని ఇంటికి పంపేశారు. ఆయన ఫోన్ లైను తీయించడం మాత్రం ఎవరికీ గుర్తులేదు. చావు వార్త వస్తే ఆ ఇంటికి ఫోన్ చేసి ఖాయం చేసుకునే పని ఆయనదే. కబురు తెచ్చేది మొదటి ఫోన్ కాబట్టి దీన్ని డెస్కులో ‘రెండో ఫోన్’ అనేవారు. మనిషి పోయాడని చెప్పకూడదు, పోయాడో లేదో తెలుసుకోవాలి. ఆయన రిసీవరెత్తినప్పుడల్లా నిదానం ఏదో వంకతో లేచి వెళ్లిపోయేవాడు.

"సార్, బస్సు లోయలో పడిందట. డ్రైవర్ అక్కడికక్కడే పోయాడట. పేరూ ఫొటో వాట్సాప్ గ్రూపులో వచ్చేశాయి, రాసివ్వండి." వెబ్ ఇన్‌ఛార్జి పరుగున వచ్చింది. నిదానం కూతురి వయసుంటుంది.

"ఒక్క ఫోన్ చేసి పెడదామమ్మా."

"ఇవాళ కూడానా సార్? పైవాళ్లు కళ్లల్లో వత్తులేసుకుని చూస్తున్నారు. వెనకబడితే మనిద్దరి పనీ అయిపోతుంది." ఆమె గొంతులో ఉన్నది కోపం కాదు, భయం. ఇంట్లో పాలు తాగే బిడ్డ ఉంది ఆమెకి.

నిదానం రాసిచ్చాడు. "నేను చెప్పేదాకా పెట్టకు" అని, క్రైం రిపోర్టర్ కుర్చీలో కూర్చున్నాడు. బస్సు కంపెనీకి చేస్తే గుమాస్తా డ్రైవర్ ఇంటి నెంబరిచ్చాడు. అంకె అంకె సరిచూసుకుంటూ నొక్కాడు.

"హలో, ఎవరండీ?" ఆడగొంతు. వెనక గిన్నెల చప్పుడు.

"పత్రికాఫీసు నుంచమ్మా. డ్రైవర్‌గారున్నారా?" క్రైం రిపోర్టర్ ఇలాగే అడగడం, లేచి వెళ్తూ విన్నాడు.

"ఉన్నారండీ. జ్వరమొచ్చి పడుకున్నారు. లేపమంటారా?"

నిదానానికి ప్రాణం లేచొచ్చింది. రిసీవర్ని అరచేత్తో మూసి అరిచాడు. "బతికే ఉన్నాడమ్మా! పెట్టకు!"

ఇన్‌ఛార్జి ముఖంలో నెత్తురుచుక్క లేదు. "పెట్టేశాను సార్."

అవతల ఫోన్‌లో ఏదో టింగుమంది. "అయ్యో, ఇదేంటండీ? మా ఆయన ఫొటో వేసి పోయారంటారేంటి? మీరేనా వేసింది?" అంతలోనే ఆ గొంతు కేకైంది. "మా అమ్మాయి కాలేజీలో ఉందండీ! చూస్తే బండేసుకుని ఎలా వస్తుందో ఏమో!"

"ఆయన ఫోన్‌తో అమ్మాయికి చెయ్యండమ్మా. నేను లైన్లోనే ఉంటాను."

అమ్మాయి ఎత్తలేదు. మళ్లీ చేశారు, ఎత్తలేదు. స్నేహితురాలికి చేస్తే, ఏడుస్తూ ఇప్పుడే స్కూటరెక్కి వెళ్లిపోయిందంది.

"ఆ వార్త తీసెయ్యమ్మా!" ఇన్‌ఛార్జి వైపు తిరిగి అరిచాడు నిదానం.

"తీసేశాను సార్. కానీ మనల్ని చూసి అందరూ పెట్టేసుకున్నారు." ఇన్‌ఛార్జి నోటికి కొంగడ్డం పెట్టుకుంది.

అప్పుడు మోగింది నిదానం బల్ల మీద ఫోన్. డెస్కులో తలలన్నీ ఒక్కసారిగా వంగాయి. నిదానం కదల్లేదు. ఏ ఫోన్‌కి భయపడి నెలల తరబడి నిద్ర లేకుండా చచ్చాడో అది మోగి మోగి ఆగిపోయింది. ఆయన చెవి రెండో ఫోన్‌కే అతుక్కుపోయింది. కళ్లనిండా నీళ్లతో దారి కనపడని పిల్ల, అడ్డమొచ్చే లారీలు, నాలుగు రోడ్ల కూడలి. ఆ పిల్లకేమన్నా అయితే, ఆ వార్త కూడా తనే రాయాలి.

అవతల గేటు దభాలున తెరుచుకుంది. "నాన్నా!" అని ఒక్క అరుపు. తర్వాత నీరసంగా మగగొంతు. "ఏంట్రా తల్లీ, ఇక్కడే ఉన్నాగా."

నిదానం బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చాడు.

కాసేపటికి అదే మగగొంతు ఫోన్‌లోకి వచ్చింది. "సార్, పడింది నా బస్సేనా?"

"మీదే అంటున్నారు."

డ్రైవర్ దగ్గుతూనే చెప్పాడు. "నువ్వు పడుకో అన్నా, నేనెళ్తానన్నాడు సార్ మా తమ్ముడిలాంటోడు. మేమిద్దరం అనుకుని డ్యూటీ మార్చుకున్నాం, కంపెనీలో కూడా చెప్పలేదు. వాళ్లింటికి నేను చెయ్యలేను. మీరు కనుక్కోండి."

నిదానం నెంబరు రాసుకున్నాడు. తన బల్ల మీద ఫోన్ మళ్లీ మోగింది. ఇన్‌ఛార్జి ఎత్తి, "సార్, హెచ్.ఆర్. నుంచి. మీకే" అంది సన్నగా.

"ఫోన్‌లో ఉన్నానని చెప్పమ్మా."

నెంబరు నొక్కాడు. రెండు రింగులకే ఎవరో పసిపిల్ల ఎత్తింది.

"మా నాన్న లేరు, డ్యూటీకెళ్లారు. మీరెవరు?"

నిదానం కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మ ఉందా తల్లీ?"