లెక్కకు రాని పదమూడు కిలోమీటర్లు

ఫెన్నా ఎదుటివాళ్ళ కడుపులో పేగులు లెక్కపెట్టే రకమని ఊళ్ళో అందరూ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి. ఎవరికి ఏ ఊరి నుంచి కవరు వచ్చిందో, ఎవరింటి తలుపు ఏ రోజు ఎందుకు ఆలస్యంగా తెరుచుకుందో ఆవిడకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అలాంటి ఫెన్నాకు ఆ జూలైలో అంతుచిక్కకుండా పోయింది సొంత మొగుడి సైకిల్ మీటరు.

మా వైపు పొలాల్లో సైకిల్ దారులు కలిసే ప్రతిచోటా ఒక స్తంభం, దాని మీద ఒక అంకె ఉంటాయి. వెళ్ళాలనుకున్న అంకెలు ఇంట్లోనే చీటీ మీద రాసుకుని హ్యాండిల్‌కు తగిలించుకుంటే చాలు, ఒక అంకె నుంచి ఇంకో అంకెకు బాణాలే తీసుకుపోతాయి. లుబ్బెర్ట్‌కు ఒకప్పుడు ఆ చీటీ అవసరమే ఉండేది కాదు. ఇరవై ఏళ్ళ పాటు బకెట్టు, బ్రష్షు, కొడవలి పట్టుకుని తిరిగి, ఆ స్తంభాలు కడిగినవాడు, బాణాలకు అడ్డం వచ్చిన గడ్డి కోసినవాడు ఆయనే. బుధవారాలు తోటి ముసలాళ్ళను వెంటేసుకుని బయల్దేరితే అంకెలన్నీ నోటిలెక్కలా చెప్పేవాడు. ఇప్పుడు ఆ ముసలాళ్ళు లేరు, ఉన్నవాళ్ళకు మోకాళ్ళు లేవు. లుబ్బెర్ట్‌కు మోకాళ్ళున్నాయి గానీ జ్ఞాపకం జారిపోతోంది.

ఏప్రిల్‌లో రొట్టె కొనడానికి వెళ్ళి పక్కూరి చర్చి మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చుండిపోయాడు. రొట్టెల దుకాణం ఆవిడ కారులో తెచ్చి దింపింది. ఆ వారమే కూతురు మార్లీస్ ఊతెహ్ట్ నగరం నుంచి వచ్చి తల్లిని వంటింట్లో కూర్చోబెట్టింది.

“అమ్మా, నేనేం రాక్షసిని కాదు. కానీ ఇంకొక్కసారి నాన్న దారి తప్పాడని తెలిసిందా, సైకిల్ తాళంచెవి నాతో పట్టుకుపోతా. ఏదైనా కాలవలో పడ్డాక ఏడ్చి లాభం లేదు. దాచనని మాటివ్వు.”

ఫెన్నా మాటిచ్చింది. ఇచ్చాక తప్పే అలవాటు ఆవిడకు లేదు, అదే ఆవిడ కర్మ.

అందుకే ఆ ఎండాకాలం దారి ఆవిడే ఎంచింది. సులువైనది, గట్టు వెంబడి పోయి గొర్రెల మధ్య నుంచి తిరిగొచ్చేది. బొటనవేలంత అంకెలు రాసింది: 24, 61, 35, 8, 17. మొత్తం ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. బుధవారం తొమ్మిది గంటల కాఫీ, దానితో ఒకే ఒక్క బిస్కెట్టు అయ్యాక లుబ్బెర్ట్ చీటీ తగిలించుకుని వెళ్ళేవాడు, రెండు గంటలకల్లా ఈల వేసుకుంటూ వచ్చేవాడు. అంతా బాగానే ఉంది. కానీ బయల్దేరేటప్పుడు సున్నా చేసిన మీటరు చూస్తే నలభై ఒకటి! మరో బుధవారం, మళ్ళీ నలభై ఒకటి. నాలుగు వారాలూ అంతే, ఒక్క కిలోమీటరు తేడా లేదు.

“ఎక్కడికెళ్ళావ్?” అని అడిగింది.

“నువ్వు రాసిన చోటికే.”

“నేను రాసింది ఇరవై ఎనిమిది.”

“ఎదురుగాలి ఎక్కువగా ఉందే ఇవాళ.”

“గాలికి మీటరు తిరగదు లుబ్బెర్ట్, చక్రం తిరగాలి.”

ఆయన మీసంలో నవ్వి చేతులు కడుక్కోవడానికి పోయాడు. చొక్కా ఉతకబోతే జేబులో ఐదు చెర్రీ గింజలు దొరికాయి. ఆ దారిలో గొర్రెలున్నాయి, మొక్కజొన్న ఉంది, కొంగలున్నాయి. చెర్రీ చెట్టు మాత్రం మందుకైనా లేదు. ఆ సంగతి ఉత్తరాలు పంచిన మనిషికి తెలియదా?

పక్కింటి రీక్యె ఈ ముచ్చట విని పడీపడీ నవ్వింది. “చెర్రీలు తినిపించే ఆవిడ ఎవరో దొరికుంటుంది. మీ ఆయన మీసం ఇంకా బాగానే ఉంది మరి!”

“దొరికితే మంచిదేగా. ఆ చొక్కాలు కూడా ఆవిడే ఉతుకుతుంది,” అంది ఫెన్నా. నవ్వుతూనే అంది గానీ ఆ పదమూడు కిలోమీటర్లను వదిలిపెట్టలేదు. దారి తప్పి తిరుగుతున్నాడా? తప్పితే ప్రతివారం సరిగ్గా పదమూడు కిలోమీటర్లే ఎలా తప్పుతాడు? తెలుసుకోకపోతే నిద్ర పట్టేట్టు లేదు. తెలుసుకుంటే మార్లీస్‌కు చెప్పక తప్పదు. చెబితే ఆ మనిషికి మిగిలిన ఒక్క బుధవారం కూడా పోతుంది. అయినా సరే, ఐదో బుధవారం రీక్యె గడ్డిటోపీ అడిగి తెచ్చుకుని మొగుడి వెనక బయల్దేరింది.

మా దేశంలో ఒకరి వెనక దొంగచాటుగా పోవడమంత కష్టం మరొకటి లేదు. చాటుకు ఒక గుట్ట అయినా ఉండదు, ఎటు చూసినా అరచేయిలా నేల. పైగా లుబ్బెర్ట్ తొక్కే నత్తనడకకు వెనకాల మనిషి పడిపోకుండా ఉండటమే గొప్ప. ఆయన కొంగను చూడ్డానికి ఆగితే ఫెన్నా మొక్కజొన్నలో దూరింది. ఆయన గొర్రెను పలకరిస్తే ఈవిడ వంగి, ఊడని చెయిను సరిచేసింది. ట్రాక్టరు మీద పోతున్న రైతు ఒకడు గొంతు చించుకున్నాడు.

“ఫెన్నా! ఎవడి వెంట పడ్డావే?”

“నా మొగుడి వెంట! నువ్వు నోరు మూసుకుని పో!”

“ఇన్నేళ్ళకా!” అంటూ వాడు నవ్వుకుంటూ పోయాడు.

లుబ్బెర్ట్ వినలేదు. గట్టు మీద 24 దగ్గర సైకిల్ దిగి, చీటీ చూసి పెదాలు కదిపాడు. అరవై ఒకటి. చుట్టూ చూశాడు. 61 బాణం కుడివైపు పొడుగాటి పోప్లార్ చెట్ల మొదట్లో ఉండాలి. ఉంది కూడా. కానీ దాని చుట్టూ దురదగొండి మనిషెత్తు పెరిగి కప్పేసింది. లుబ్బెర్ట్ రెండుసార్లు అటు చూశాడు, ఆయనకు ఆకులే కనిపించాయి. తర్వాత కిందికి చూశాడు. నది ఒడ్డున, పడవ ఎక్కే చోట, తళతళలాడుతూ ఒక బాణం: 61. అది నీళ్ళ మీదుగా అవతలి గట్టుకు చూపిస్తోంది. లుబ్బెర్ట్ మొహం విప్పారింది. గంట మోగించుకుంటూ కిందికి దిగిపోయాడు.

ఫెన్నా గట్టు మీదే బ్రేకు వేసింది. అవతలి గట్టు వేరే ప్రాంతం. వాళ్ళూ ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా వాళ్ళ అంకెలు వాళ్ళు వేసుకున్నారు. వందదాటి లెక్కపెట్టడం ఎవరికీ ఇష్టం లేదు కాబోలు. ఇటు ఒక 61, అటు ఒక 61. తెలిసినవాడెవడూ పొరపడడు. ఇరవై ఏళ్ళు ఆ బాణం చుట్టూ గడ్డి కోసిన లుబ్బెర్ట్ అసలే పొరపడడు, ఆ లుబ్బెర్ట్ ఇంకా ఉండుంటే.

“ఆగు!” అని అరవబోయి గొంతులోనే మింగేసింది. అరిస్తే సగం తెలుస్తుంది, మిగతా సగం తెలీదు. మరి ఆ చెర్రీలు?

పడవ తిరిగొచ్చేదాకా పది నిమిషాలు ఒడ్డున కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పడవ నడిపే బెరెండ్ ఆవిడ సైకిల్ అందుకుని ఎగాదిగా చూశాడు.

“మీసం పెద్దాయన తాలూకా?”

“ఎలా కనిపెట్టావు?”

“ఎండలో ఇంత చెమట పట్టి వచ్చేవాళ్ళు భార్యలేనండీ. గట్టు దిగి తిన్నగా పొండి. భయం లేదు, ఆయన పోయేది ఒక్కచోటికే.”

అవతల ఆరు కిలోమీటర్లు పైగా పండ్లతోటల మధ్య దారి. పిట్టలు పడకుండా చెట్ల మీద వలలు కప్పారు. దారి చివర 61 స్తంభం, దాని పక్కనే ఒక రైతు ఇల్లు, ముంగిట బల్ల మీద బుట్టల్లో చెర్రీలు. బల్ల దగ్గర లుబ్బెర్ట్ కూర్చున్నాడు. ఎదురుగా ఏప్రన్ కట్టుకున్న ఒకావిడ, అరవై ఉంటాయేమో, మజ్జిగ గ్లాసు అందిస్తోంది. ఫెన్నా వల చాటున నక్కి చెవి రిక్కించింది. సిగ్గేసింది గానీ అంతకంటే వినాలనే ఎక్కువ అనిపించింది.

“ఇక్కడ 35 అని బాణం ఉండాలండీ,” అంటున్నాడు లుబ్బెర్ట్, చీటీ మీద వేలు పెట్టి. “లేదు. ఎవరో తీసేశారు.”

“మీ 35 నది అవతల ఉందండీ. పడవెక్కితే సరి. ముందు ఆ మజ్జిగ తాగండి.”

“ఎప్పుడూ తప్పను నేను. ఇదే మొదటిసారి.”

“ఈ ఎండకు ఎవరైనా తప్పుతారు,” అంది ఆవిడ, గింజ నోట్లోంచి తీసి పళ్ళెంలో వేస్తూ.

“మా ఆవిడకు మాత్రం తెలియనివ్వకండి. మంచిది, పాపం. భయపడుతుంది. భయపడితే మా అమ్మాయికి చెబుతుంది. మా అమ్మాయి సైకిల్ పట్టుకుపోతుంది. సైకిల్ పోతే నేను ఆ కిటికీ దగ్గర కూర్చుని…”

“ఎవరికి చెబుతానండీ నేను? నా చెర్రీలకు చెప్పాలి.”

ఆయన నవ్వాడు. గ్లాసు ఖాళీ చేసి, మీసం తుడుచుకుని, గుప్పెడు చెర్రీలు జేబులో వేసుకుని లేచాడు. వల చాటున ఫెన్నా టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చప్పుడు రాకుండా ఏడవడానికి చాలా కష్టపడింది.

ఆయన సైకిల్ మలుపు తిరిగాక ఏప్రన్ ఆవిడ ఎవరికో ఫోన్ చేసింది. “బెరెండ్, బయల్దేరాడు. చూస్తుండు. దించాక అసలు 61 దారి చూపించు.” ఫోన్ పెట్టేసి వల వైపు తిరిగింది. “ఇక రండి. టోపీ కనిపిస్తూనే ఉంది. ఫెన్నాగారే కదూ? నేను హర్మినాని.”

“నా పేరెలా తెలుసు?”

“అయ్యో, అట్లు మీలాగా ఎవరూ వెయ్యలేరని ఐదు వారాలుగా వింటున్నా. పందిమాంసం ముక్కలు అంచులదాకా సర్దుతారట కదా.”

“ఐదు వారాలూ… మొదటిసారి అనే చెప్పాడా?”

“మొదటిసారే అన్నాడు. అన్నిసార్లూ,” అంది హర్మినా. “నాకు నాలుగోసారికి తెలిసిపోయింది, అంకెల తప్పు కాదు ఇది అని. కానీ చూడండి, వచ్చేటప్పుడు మొహం పాలిపోయి వస్తాడు, వెళ్ళేటప్పుడు ఈల వేసుకుంటూ వెళతాడు. ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలీలేదు. బెరెండూ నేనూ ఇలా ఒకరికొకరం చెప్పుకుంటున్నాం. చేసింది తప్పయితే తిట్టండి.”

ఫెన్నా తిట్టలేదు. ఒక గ్లాసు మజ్జిగ తాగింది. చిక్కగా, చల్లగా బాగుంది. తిరిగొచ్చేటప్పుడు పడవలో బెరెండ్‌ను మాత్రం ఉతికి ఆరేసింది.

“ఆ దురదగొండి పీకడానికి నీకు చేతులు లేవా?”

“పడవ నాది, గడ్డి మున్సిపాలిటీదండీ,” అన్నాడు. తర్వాత నీళ్ళవైపు చూస్తూ, “పీకేస్తే పెద్దాయన ఇక రాడేమోనని కూడా,” అన్నాడు.

ఆ సాయంత్రం మార్లీస్‌కు ఫోన్ చేసి పూసగుచ్చినట్టు అంతా చెప్పింది.

“అంటే ఐదు వారాలూ తప్పాడు,” అంది మార్లీస్.

“తప్పాడు. ఐదు వారాలూ రెండు గంటలకల్లా ఇంటికొచ్చాడు కూడా.”

“అమ్మా, నువ్వు మాటిచ్చావు.”

“అందుకేగా చెప్పింది. దాచలేదు. కానీ తాళంచెవి ఇవ్వను. నాకు ఆగస్టు చివరిదాకా టైమివ్వు. అటు హర్మినా, నది మీద బెరెండ్, ఇటు నేను. ముగ్గురం కాస్తున్నాం. కాలవలో పడటానికి ఆయనకు ఖాళీ ఏదీ?”

మార్లీస్ ముక్కు చీదిన శబ్దం వినిపించింది. “హర్మినా నంబరు నాకూ పంపు,” అంది. “ఆగస్టు దాకానే.”

మర్నాడు ఫెన్నా చేతితొడుగులు వేసుకుని, లుబ్బెర్ట్ పాత కొడవలి పట్టుకుని వెళ్ళి 24 దగ్గర దురదగొండి మొత్తం కోసేసింది. కనబడని బాణం అబద్ధంతో సమానమని ఇరవై ఏళ్ళు ఆయన చెప్పిన మాట. దానికి మచ్చ రానివ్వదలచుకోలేదు. తర్వాత ఇంటికొచ్చి, తొడుగులు వేసుకున్నా చేతులు మండుతుండగా కొత్త చీటీ రాసింది. అంకెలన్నీ వెనకటిలాగే బొటనవేలంత.

బుధవారం కాఫీ అయ్యాక లుబ్బెర్ట్ చీటీని కళ్ళకు దూరంగా పెట్టి చదివాడు. “24. పడవ. అవతలి 61. హర్మినా. పడవ. ఇవతలి 61. 35, 8, 17.” తలెత్తాడు. “ఎవరే ఈ హర్మినా?”

“వెళ్ళి చూడు.”

“నాకు తెలుసా ఆవిడ?”

“తెలుసో లేదో వచ్చి నువ్వే చెప్పు. ఇదిగో, ఇది ఆవిడకివ్వు.” అట్ల డబ్బా సంచిలో పెట్టింది.

ఆయన కళ్ళల్లో పాత వెలుగు మెరిసింది. ఏ దారి ఎటు పోతుందో చూద్దామని కుర్రాడిలా పెడల్ మీద కాలేసే వెలుగది. గంట మోగించి వెళ్ళిపోయాడు. ఫెన్నా ఆరోజు వెంట వెళ్ళలేదు. వెళ్ళకుండా కూర్చోవడం ఆవిడ జన్మలో చేసిన అతి కష్టమైన పని. కిటికీ దగ్గర బఠాణీలు ఒలిచింది, ఒలిచినవే మళ్ళీ ఒలిచింది. పదకొండున్నరకు బెరెండ్ ఫోన్ చేసి “ఇవతల దించాను” అన్నాడు.

రెండు గంటలకు ఐదు నిమిషాలుందనగా ఈల వినిపించింది. లుబ్బెర్ట్ సైకిల్ గోడకు ఆనించి, జేబులోంచి చెర్రీలు తీసి బల్ల మీద పోశాడు. ఫెన్నా చేతులు తుడుచుకుంటూ మీటరు వంక చూసింది. నలభై ఒకటి. చీటీ లెక్కకు సరిగ్గా సరిపోయింది.

“ఏం, ఎలా ఉంది?” అని అడిగింది.

లుబ్బెర్ట్ టోపీ తీసి, వీపు నిటారుగా పెట్టి, స్తంభాలు కడిగిన రోజుల్లోలాగా నిలబడ్డాడు.

“ఫెన్నా,” అన్నాడు, “ఇవాళ ఒక్కచోట కూడా దారి తప్పలేదు.”