డబ్బాలో లేని ఏనుగు

ప్లంబర్ తోడల్లుడికి డ్రైవింగ్ స్కూలు ఉంది. రోజంతా పక్క సీట్లో కూర్చుని, ఎదుటివాడు తప్పు చేయబోయినప్పుడల్లా తన కాలి కిందున్న బ్రేకు తొక్కడం ఆయన ఉద్యోగం. అలవాటైన కాలు ఇంటికొచ్చినా ఊరుకోదు కదా. ఎవరేం మాట్లాడుతున్నా మధ్యలో ఓ బ్రేకు పడాల్సిందే. భార్య అక్క మొగుడు కాబట్టి ప్లంబర్ ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తాడు, పెళ్లైన నాటి నుంచీ ఆ బ్రేకులకి ముందుకు తూలుతూనే ఉన్నాడు.

జియోకాషింగ్ అనే సరదాని ఇంట్లోకి తెచ్చింది కూడా ఆయనే. ఎవరో ఒకరు ఓ చిన్న డబ్బాని పార్కులోనో, వంతెన కిందో, గోడ సందులోనో దాచి, ఆ చోటు గుర్తులు ఫోన్లో పెడతారు. మిగతావాళ్లు ఫోను చూసుకుంటూ వెళ్లి వెతికి పట్టుకోవాలి. దొరికాక లోపలున్న చీటీ మీద సంతకం పెట్టి, దారినపోయే వాళ్ల కంట పడకుండా డబ్బాని ఎక్కడిది అక్కడే దాచేసి రావాలి. పిల్లల కోసం అందులో చిన్న చిన్న బొమ్మలు కూడా ఉంటాయి. ఒకటి తీసుకుంటే దానికి తీసిపోనిది ఇంకొకటి పెట్టాలి. ఖర్చు లేదు, పిల్లల కాళ్లకి పని దొరుకుతుంది, పెద్దవాళ్ల ఫోన్లు ఒక్కపూటైనా మంచిదారి పడతాయి అని తోడల్లుడు తన ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. ప్లంబర్ ఇంట్లో దానికి డబ్బాల వేట అని పేరు పడిపోయింది.

పాఠంలో సగం మాత్రమే ప్లంబర్ విన్నాడు. మిగతా సగం చెబుతున్నప్పుడు అతను అదే ఇంటి వంటగదిలో, సింకు కింద వెల్లకిలా పడుకుని కారుతున్న పైపు బిగిస్తున్నాడు. చుట్టంచూపుగా వెళ్లినా అతనికి ఆ సింకు తప్పదు. అవతలి గదిలోంచి తోడల్లుడు, వింటున్నావా అని కేకేసినప్పుడల్లా సింకు కింది నుంచి ఆఁ, ఆఁ అన్నాడు. ఈ ఆటకి బుర్రా ఓపికా రెండూ కావాలి, నీకు కాస్త కష్టమేలే అని, వీళ్లు బయల్దేరేటప్పుడు తోడల్లుడు భుజం తట్టి మరీ చెప్పాడు. ఆ మాట ప్లంబర్‌కి బాగానే గుచ్చుకుంది.

అందుకే శనివారం పొద్దున్న భార్యనీ, ఒకటో తరగతి చదువుతున్న కూతుర్నీ వెంటబెట్టుకుని కాలవ పక్కనున్న పార్కుకి బయల్దేరాడు. ఫోను వాళ్లని తోటమాలి సామాన్ల గది వెనక్కి తీసుకెళ్లి, ఇంక నా వల్ల కాదన్నట్టు గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. భార్య పొదలు వెతికింది, కూతురు రాళ్లు తిరగేసింది. ప్లంబర్ మాత్రం గోడకున్న పైపుని చూసి నిలబడిపోయాడు. అది ఎక్కడి నుంచీ రావడం లేదు, ఎక్కడికీ పోవడం లేదు. మోకాలెత్తున మొదలై, ఒక వంపు తిరిగి, మూతతో ఆగిపోయింది. ఇంత పనికిమాలిన పైపు ఏ ప్లంబరూ వెయ్యడు అనుకుని మూత తిప్పాడు. లోపల డబ్బా ఉంది.

వాళ్ల ఆనందానికి పట్టపగ్గాల్లేవు. డబ్బాలో రెండు గోళీలు, ఓ రంగు పెన్సిలు, బొటనవేలంత ఇత్తడి ఏనుగు ఉన్నాయి. ఏనుగు మెడకి సన్నటి గొలుసు, దానికి ఏవో అంకెలు చెక్కిన రేకు బిళ్ల వేలాడుతున్నాయి. కూతురు ఏనుగుని అరచేతిలో పెట్టుకుని ఇక వదల్లేదు. తల్లి కొత్తగా కొనిపెట్టిన సీతాకోకచిలక క్లిప్పుని జుట్టులోంచి తీసి, ఏనుగు చోట్లో తనే పెట్టింది. పిల్ల ఎంత పద్ధతిగా చేసిందో అని ఆలుమగలిద్దరూ మురిసిపోయారు.

వీళ్లు వేటకి వెళ్లొచ్చారని తెలిసి సాయంత్రం తోడల్లుడు ఫోన్ చేశాడు. ప్లంబర్ గొప్పగా చెప్పుకుందామని నోరు తెరిచేలోపే అవతల బ్రేకు పడింది. మూత సరిగ్గా బిగించావా, సంతకం పెట్టావా, చెత్త పడెయ్యలేదు కదా అని అడుగుతూ ఆయన ఏనుగు దగ్గరికి వచ్చాడు. మెడలో బిళ్ల ఉన్న బొమ్మలు ప్రయాణికులట. వాటిని ఎవరూ ఉంచుకోకూడదట. ఒక డబ్బాలోంచి తీసి ఇంకో డబ్బాలో పెడుతూ ఊళ్లు తిప్పాలట, వాటిని పంపినవాళ్లు ఆ అంకెల్ని బట్టి ఇప్పుడెక్కడుందో చూసుకుని సంబరపడతారట. తమతో పాటు ఈ ఆట ఆడే మందుల షాపు పెద్దాయన నిన్ననే ఆ ఏనుగుని అందులో పెట్టాడు, రేపు తను వెళ్లి దాన్ని ఇంకో డబ్బాకి తీసుకెళ్లాలి అన్నాడు.

"కొత్తగా వచ్చిన బుద్ధిలేని వాళ్లు కొందరుంటారు, బొమ్మే కదా అని పిల్లల చేతికిచ్చేస్తారు. నువ్వు చూశావు కదా, ఉంది కదా?" అన్నాడు తోడల్లుడు.

ప్లంబర్ తల తిప్పి చూశాడు. గది అవతల కూతురు ఏనుగుని దిండు మీద నడిపిస్తోంది. ఉంది, తెలియక తెచ్చాం, రేపు పెట్టేస్తాం అంటే అయిపోయేది. కానీ ఆ బుద్ధిలేని వాళ్లు అన్న మాట చెవిలో గింగురుమంటుంటే ఇంకో మాట బయటికి వచ్చింది.

"లేదన్నయ్యా. అలాంటిదేం లేదు."

భార్య అతని వంక చూసింది. ఫోను పెట్టేశాక, ఒక్క ఫోనుతో పోయేదాన్ని ఎందుకు పెంచుతారు, మళ్లీ చేసి చెప్పండి అంది. రేపు వేకువనే వెళ్లి ఎవరూ చూడకుండా పెట్టేస్తాను, గొడవే ఉండదు అన్నాడు. అప్పటికే తోడల్లుడు వేటగాళ్లందరూ ఉన్న వాట్సాప్ గుంపులో ఏనుగు కనిపించడం లేదని పెట్టేశాడు. కాసేపటికి మందుల షాపు పెద్దాయన జవాబు వచ్చింది. తన చేత్తో లోపల పెట్టాననీ, మనవరాలు పక్కనే ఉందనీ, మూత బిగించి తిప్పి కూడా చూశాననీ రాశాడు. తెల్లారితే తోడల్లుడు అక్కడే కాపలా ఉండేలా ఉన్నాడు. ఇప్పుడు ఏనుగు పైపులో ప్రత్యక్షమైతే, శనివారం లేదన్నవాడి మాట ఏమవుతుంది? ప్లంబర్ ఆదివారం ఇల్లు కదల్లేదు.

సోమవారం అతను ఒకళ్లింట్లో గీజరు బిగిస్తుండగా పెద్దాయన నుంచి ఇంకో మెసేజ్ వచ్చింది. ఇల్లంతా వెతికాననీ, కోటు జేబులూ సంచీ దులిపాననీ, మనవరాల్ని అడిగితే తను ఆ టైములో ఉడతని చూస్తున్నానందనీ రాశాడు. 'పెట్టాననుకుని పెట్టలేదేమో. వయసు మీద పడింది. అందరూ క్షమించాలి.' కింద తోడల్లుడు, ఫరవాలేదు సార్, ఈ వయసులో ఇవన్నీ మామూలే అని ఓదార్చాడు. ఇంకెవరో దండం బొమ్మలు పెట్టారు. ప్లంబర్ ఫోన్ని పనిముట్ల సంచీలో అడుక్కి తోసేశాడు. ఆ పెద్దాయన్ని అతను ఎప్పుడూ చూడలేదు, అయినా రెంచి పట్టుకున్న తన చేతిని చూసుకోవాలంటేనే సిగ్గేసింది.

చెప్పేస్తానని వారమంతా అనుకున్నాడు. ఎంత ఆలస్యమైతే చెప్పడం అంత బరువెక్కుతోందని అతనికి తెలుసు. తెలిసే వాయిదా వేశాడు. ఇంట్లో భార్య మాట్లాడటం తగ్గించింది.

ఆ తర్వాతి ఆదివారం కొత్తగా చేరిన కుటుంబాల కోసం తోడల్లుడు అదే పార్కులో పాఠం పెట్టుకున్నాడు. ఆ పొద్దున్నే ప్లంబర్‌కి ఓ ఉపాయం తట్టింది. ఏనుగుని పైపు కిందున్న గడ్డిలో పడేస్తే చాలు. ఎవరో చూస్తారు, జారి పడిందనుకుంటారు, అందరూ సంతోషిస్తారు, తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. ఏనుగు మళ్లీ ప్రయాణం చెయ్యాలని చెప్పి కూతురి దగ్గర తీసుకున్నాడు. అది ఇన్నాళ్లూ మనింట్లో ఉందని మాత్రం ఎవరితో అనకు అన్నాడు.

"అబద్ధం చెప్పాలా?" అంది ఆ పిల్ల.

"అబద్ధం కాదమ్మా. ఊరికే చెప్పకపోవడం, అంతే."

పిల్ల ఒప్పుకుంది కానీ, పార్కు దాకా అతని చెయ్యి పట్టుకోలేదు.

అందరికన్నా ముందే వెళ్లి పని కానిచ్చాడు. జనం చేరాక తేలు కుట్టిన దొంగలా వెనక నిలబడ్డాడు. మందుల షాపు పెద్దాయన ఒంటరిగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కాయితపు పొట్లం. అందులో తను కొత్తగా కొన్న చెక్క ఏనుగు ఉందనీ, పోయినదాని బదులు దాన్ని పంపిద్దామనీ తోడల్లుడితో చెప్పాడు. పాఠం నడుస్తోంది. పైపు చూపించి వంగిన తోడల్లుడు, గడ్డిలోంచి ఇత్తడి ఏనుగుని పైకెత్తాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఇక్కడే పడింది చూశారా, మీరు కంగారు పడ్డారు అని ఎవరో పెద్దాయన వీపు నిమిరారు. ప్లంబర్ గుండెల మీంచి బండ దిగినట్టయింది, ఆయన నవ్వు కోసం చూశాడు. పెద్దాయన నవ్వలేదు. ఏనుగుని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే నేను లోపల పెట్టలేదన్నమాట," అన్నాడు. "మూత తీయడం గుర్తుంది. పెట్టడం గుర్తుంది. మూత తిప్పుతుంటే మట్టి గీసుకున్న చప్పుడు కూడా గుర్తుంది. అవేవీ జరగలేదన్నమాట."

ఆయనే తలవంచుకుని మెల్లగా చెప్పుకొచ్చాడు. ఇన్నేళ్లు మందుల షాపులో నిలబడి ఒక్క మాత్ర తప్పివ్వలేదు. ఈ సంగతి జరిగాక, తనకే భయమేసి షాపు తాళాలు కూతురి చేతిలో పెట్టేశాడు. ఒకరి మందు ఇంకొకరికి ఇస్తే ప్రాణాలతో పని. మనవరాల్ని కూడా తనతో బయటికి పంపొద్దని తనే చెప్పాడు, రోడ్డు మీద పిల్లని మరిచిపోతే ఎలా అని. ఏమో, ఎవరో తీసుండొచ్చు, ఈరోజు ఆ సంగతి తేలుతుందేమో అని ఓ చిన్న ఆశతో వచ్చాడట. ఇక అనుమానం లేదు, రేపు డాక్టరు దగ్గరికి వెళ్తాను అన్నాడు.

ప్లంబర్ గడ్డిలో పడేసింది ఏనుగుని కాదు. ఆ మనిషికి మిగిలిన ఆ కాస్త ఆశనీ తీసుకొచ్చి పడేశాడు. పక్కన భార్య నేల చూస్తోంది. అతను జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు.

"మీరు పెట్టారండీ. లోపలే పెట్టారు," అన్నాడు. "తీసింది మేము. బొమ్మనుకున్నాం. తర్వాత తెలిసింది, తెలిసీ లేదన్నాను. ఇందాక గడ్డిలో వేసింది కూడా నేనే."

ఇన్నేళ్లలో మొదటిసారి తోడల్లుడి బ్రేకు పడలేదు. ఒకావిడ తన పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో ప్లంబర్‌కి తెలియలేదు. తిడితే బాగుండునని ఎదురుచూశాడు. పెద్దాయన తిట్టలేదు. కళ్లు పెద్దవి చేసుకుని, మళ్లీ చెప్పు అన్నాడు. ప్లంబర్ మళ్లీ చెప్పాడు. మూత తిప్పినప్పుడు గట్టిగా ఉందా అని ఆయన అడిగాడు. బాగా బిగించి ఉంది, రెండు చేతులా తిప్పాల్సి వచ్చింది అన్నాడు ప్లంబర్. పెద్దాయనకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కూతురికి ఫోన్ కలిపి, చెవి సరిగ్గా వినపడదని స్పీకరు పెట్టి, ఇదే మాట మా అమ్మాయికి చెప్పు నాయనా అని ఫోను అతనికిచ్చాడు.

ప్లంబర్ మూడోసారి చెప్పాడు. అందరూ వింటున్నారు.

"మీది చాలా మంచి మనసండీ," అంది ఆమె. "నాన్న బాధపడకూడదని తప్పు మీద వేసుకుంటున్నారు. ఈ రోజుల్లో ఇలా ఎవరు చేస్తారు? కానీ ఆయన్ని ఇలా మభ్యపెట్టకండి. నిజం తెలియడమే మంచిది."

కాదమ్మా, నిజంగా నేనే అన్నాడు. ఆమె ఇంకోసారి థాంక్స్ చెప్పింది. అంతమంది ముందు తప్పు ఒప్పుకోవడంలో లేని సిగ్గు ఆ థాంక్స్‌లో ఉంది. మనిషి నిలువునా కుంగిపోయాడు. పెద్దాయన ముఖంలో వెలుగు మళ్లీ తగ్గుతోంది. కూతురి మాటే నిజమేమో, ఈ అబ్బాయి జాలిపడ్డాడేమో అన్నట్టు అతని వైపు చూస్తున్నాడు.

ప్లంబర్ వెనక్కి తిరిగి తన కూతురి కోసం చూశాడు. ఆ పిల్ల తల్లి వెనక పెదవులు బిగించుకుని నిలబడి ఉంది, ఇచ్చిన మాట ప్రకారం. అతను పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నేను నీకు తప్పు చెప్పానమ్మా. ఇప్పుడు నువ్వు చెప్పు. ఉన్నది ఉన్నట్టు."

పిల్ల ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"ఏనుగు డబ్బాలోనే ఉంది. నేను తీసుకుని నా క్లిప్పు పెట్టాను. పెదనాన్న ఫోన్ చేస్తే మా నాన్న లేదని అబద్ధం చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని నాకు కూడా చెప్పాడు."

ఈసారి ఆమె, నీ పేరేంటమ్మా అని గానీ, థాంక్స్ అని గానీ అనలేదు.

"ఫోను ఇవ్వమ్మా," అంది.

ప్లంబర్ చెయ్యి చాపాడు. ఆమె ఏమన్నా వినాలి, తిట్లైనా సరే.

"మా నాన్నకి," అంది ఆమె.

పిల్ల అతని చేతి పక్కనుంచి నడిచి వెళ్లి, ఫోన్ని పెద్దాయనకి ఇచ్చింది.